ర్యోకన్‌లో ఒక రాత్రి: ఏ ఋతువులో?

(సిబ్బంది కుటుంబాల సమ్మేళనంలో ఒక విశ్రాంత అధికారిణి చేసిన ప్రసంగ పాఠం)



జపాన్ వెళ్లొచ్చారు కదా, నాలుగు మాటలు చెప్పండి అన్నారు. గుళ్ల గురించి, బుల్లెట్ రైళ్ల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ర్యోకన్ గురించి చెబుతాను. మనలో కొందరి పిల్లలు అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. ఎప్పుడో ఒకప్పుడు మీరూ వెళతారు. అప్పుడు వచ్చే మొదటి ప్రశ్న, "ఏ నెలలో వెళ్దాం?" ఆ ప్రశ్నకు నేను చాలా ఏళ్లు తప్పు జవాబు చెప్పుకున్నాను. అందుకే ఈ మాటలు.

ర్యోకన్ అంటే జపాన్ వారి సంప్రదాయ విడిది. గదిలో తతామి అనే గడ్డిచాపలు, రాత్రికి వాటి మీదే పరుపు వేస్తారు. యుకాటా అనే నూలు అంగీ ఇస్తారు. ఎడమ అంచు పైకి వచ్చేలా కట్టుకోవాలి. కుడి అంచు పైకి వస్తే అది చనిపోయినవారికి కట్టే పద్ధతి. చాలా విడిదుల్లో వేడినీటి బుగ్గల స్నానం ఉంటుంది. యమనాషిలో కెయున్‌కాన్ అనే విడిది 705లో మొదలైందట. ప్రపంచంలోకెల్లా పాత హోటల్‌గా గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. అద్దె సాధారణంగా గదికి కాదు, తలకి ఇంత అని. రాత్రి భోజనం, పొద్దుటి ఫలహారం అందులోనే. మధ్యాహ్నం మూడింటికి చేరి, మర్నాడు పది, పదకొండుకి ఖాళీ చేస్తాం. అంటే ఎక్కువసేపు గడిపేది విడిది లోపలే. బయటి పూలకన్నా నీళ్లు, భోజనం, నిద్ర ముఖ్యం. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

మా అబ్బాయిది టోక్యోలో ఉద్యోగం. "నానమ్మను తీసుకుని నవంబరులో రండమ్మా, వేడినీళ్లలో కూర్చుంటే మోకాళ్లకు హాయిగా ఉంటుంది" అని ఏటా ఫోన్ చేసేవాడు. మా అత్తగారు ఎప్పుడంటే అప్పుడు సంచి సర్దుకునే మనిషి. నేనే, వెళితే చెర్రీపూలకే వెళ్లాలని పట్టుబట్టాను. టోక్యో, క్యోటోల్లో ఆ పూలు పూసేది మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో. మార్చి 31 అంటే ఏమిటో ఈ హాల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. "నేను రిటైరయ్యాక వెళ్దాం అత్తయ్యా" అన్నాను. "పూలు మన పెరట్లో లేవుటే? నాకు ఆ వేడినీళ్ల తొట్టి చాలు" అనేవారు. నేను రిటైర్ కావడానికి ఏడాది ముందు ఆవిడ కాలం చేశారు.

ఆ తర్వాత ఏప్రిల్ మొదటివారంలో మేమిద్దరం వెళ్లాం. నిండుగా పూసిన చెర్రీ వారం మించి నిలవడం కష్టం. మేం చేరేలోపు గాలివానకు అంతా రాలిపోయింది. విడిదిలో జనం కిటకిట, రేటు మామూలు రోజులకన్నా బాగా ఎక్కువ. సాయంత్రం ఉప్పులో ఊరవేసిన చెర్రీపువ్వు ఒకటి వేడినీళ్ల కప్పులో వేసి ఇచ్చారు. అది మెల్లగా విచ్చుకుంటుంటే మావారు "అమ్మ ఉంటే ఈ ఒక్క పువ్వూ చాలనేది" అన్నారు. నేనేమీ మాట్లాడలేకపోయాను.

ఇక ఋతువుల లెక్కకు వద్దాం.

బడిపిల్లలున్న ఇళ్లకు మే నెల మంచిది. ఏప్రిల్ 29 నుంచి మే 5 వరకు వాళ్లకు వరుస సెలవులు, గోల్డెన్ వీక్ అంటారు. ఆ వారం మాత్రం వద్దు. అది దాటాక నెలాఖరు దాకా చలీ లేదు, ఉక్కా లేదు; కొండలన్నీ లేత ఆకుపచ్చ. మన పిల్లలకూ వేసవి సెలవులే. జూన్ మొదట్లో వానలు మొదలై జూలై మధ్య దాకా ఉంటాయి. ఆ తర్వాత మన కోస్తా లాంటి ఉక్క. ఆగస్టు మధ్యలో ఒబోన్ పండుగకు దేశమంతా సొంతూళ్లకు బయల్దేరుతుంది. సెప్టెంబరులో తుపానుల భయం. వేసవిలోనే వెళ్లాల్సివస్తే ఉత్తరాన హొక్కైడో మేలు, అక్కడ వానాకాలం బెడద లేనట్టే.

పెద్దవాళ్లతో వెళ్లేవారికి నవంబరు. ఒంటికి వేడినీళ్లు హాయనిపించేంత చలి ఉంటుంది, కాలు జారే మంచు ఉండదు. క్యోటోలో ఎర్రటి ఆకులు నెలాఖరుకు బాగుంటాయి గాని జనం విపరీతం. ఇజు ద్వీపకల్పంలోని షుజెంజీ లాంటి చిన్న ఊరు చూసుకోండి. కింద కూర్చోలేనివారికి మంచం, కుర్చీ ఉన్న గదులు చాలాచోట్ల ఉన్నాయి, ముందే అడగాలి. బీపీ, గుండె జబ్బు ఉంటే డాక్టరును అడిగాకే తొట్టిలో దిగాలి.

కొత్త దంపతులకు, ఓపిక ఉన్నవారికి జనవరి. చుట్టూ మంచు, ఆరుబయట వేడినీళ్ల తొట్టి. యమగాతాలోని గిన్‌జాన్ దానికి పెట్టింది పేరు. కొత్త సంవత్సరం రద్దీ, జనవరి రెండో సోమవారం సెలవు దాటితే చాలాచోట్ల తాకిడి తగ్గుతుంది. మన సంక్రాంతి సెలవులు ఇంచుమించు అప్పుడే.

ఏ ఋతువైనా శనివారం రాత్రి రేటు ఎక్కువ. ఆదివారం నుంచి గురువారం లోపు చూడండి. ఎల్‌టీసీ విదేశాలకు వర్తించదు, సొంత డబ్బు. కాబట్టి రద్దు షరతులు చదివే బుక్ చేయండి. శాకాహారులు ఒకటి గుర్తుంచుకోవాలి: కూరగాయల పులుసులోనూ చేపతో కాచిన రసం ఉంటుంది. బుక్ చేసేటప్పుడే చెప్పాలి. లేదా కోయాసాన్ కొండ మీద బౌద్ధాలయాల విడిదుల్లో దిగండి. అక్కడ వడ్డించేది ఉల్లి, వెల్లుల్లి కూడా లేని శాకాహారం. ఇక స్నానం: ఒళ్లు బయట శుభ్రంగా కడుక్కున్నాకే తొట్టిలోకి దిగాలి, అదీ బట్టల్లేకుండా. ఆడవాళ్లకు, మగవాళ్లకు విడివిడిగానే ఉంటాయి. అయినా మొహమాటమైతే కుటుంబానికి ప్రత్యేకంగా ఇచ్చే తొట్టి అడగండి.

చివరిగా ఒక్క మాట. నెల ఎంచుకునే ముందు, ఎవరిని తీసుకువెళ్తున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. వాళ్ల వయసు, మోకాళ్లు, బడి సెలవులు, తిండి చూసుకుంటే నెల దానంతటదే తేలుతుంది. పూలు ఆ నెలలో ఉంటే సంతోషం, లేకపోతే లేదు.

వచ్చే నవంబరుకు మా అమ్మను తీసుకువెళ్తున్నాను. ఆవిడకు 81. షుజెంజీలో మంచం ఉన్న గది చెప్పి ఉంచాం. ఈసారి వాయిదా లేదు.