గోల్ఫ్ గడ్డి రైతు కాలువలోకి వస్తే...

(సంఘం మండల సదస్సులో విత్తనాలపై చేసిన ప్రసంగ పాఠం)



విత్తనాల సదస్సులో గోల్ఫ్ మైదానం ఊసెందుకని మీకు అనిపించవచ్చు. ఆ ఆటతో మనకు పనిలేదు. కానీ ఆ మైదానాల గడ్డి కోసం అమెరికాలో నడిచిన వ్యవహారం మన పత్తి చేలకు చాలా దగ్గరగా ఉంది.

గోల్ఫ్‌లో బంతిని గుంటలోకి దొర్లించే చోటును గ్రీన్ అంటారు. అక్కడ గడ్డి చాప పరిచినట్టు ఒకే తీరుగా ఉండాలి. చల్లటి ప్రాంతాల్లో దానికి బెంట్‌గ్రాస్ అనే రకం వేస్తారు. అందులోకి పోవా అనే మరో గడ్డి దూరుతుంది, మన వరి మడిలో ఊద దూరినట్టు. రెండూ గడ్డే కాబట్టి ఒకదాన్ని చంపి ఇంకొకదాన్ని వదిలే మందు దొరకడం కష్టం. కల్తీ ముదిరితే ఉన్న గడ్డంతా చంపి, పైపొర చెక్కేసి, మళ్లీ విత్తాలి. అన్నాళ్లూ ఆటా బందు, రాబడీ బందు.

ఈ ఖర్చు తప్పిస్తామని స్కాట్స్, మోన్‌శాంటో కంపెనీలు గ్లైఫోసేట్ కొట్టినా చావని బెంట్‌గ్రాస్‌ను తయారు చేశాయి. 2002లో ఓరెగాన్ రాష్ట్రం జెఫర్సన్ కౌంటీలో సుమారు 400 ఎకరాల్లో వేశారు. మరుసటి ఏడాది కోసి ఆరబెట్టిన పంటను ఈదురుగాలి ఎత్తుకుపోయింది. ఆ విత్తనం నలుసంత, కిలోకు కోటికి పైగా గింజలు తూగుతాయి. పుప్పొడి 21 కిలోమీటర్ల దాకా పోయిందని అక్కడి ప్రభుత్వ శాస్త్రవేత్తలే 2004లో తేల్చారు. ఇంకోవైపు ఐడహో రాష్ట్రంలోని పరీక్ష పొలాల గడ్డి నది దాటి, 2010లో ఓరెగాన్ తూర్పున మాల్హూర్ కౌంటీ పంట కాలువల్లో తేలింది. కాలువ గట్లకు అక్కడి రైతులు కొట్టేది గ్లైఫోసేటే. ఈ గడ్డికి అది పనిచేయదు. నీళ్ల పక్కన ఏ మందు పడితే అది కొట్టడానికీ లేదు.

2007లో ప్రభుత్వం స్కాట్స్‌కు 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. 2017 జనవరిలో ఆ గడ్డి మీద నియంత్రణ ఎత్తేసింది. అమ్మబోమని కంపెనీ మాటిచ్చింది, కానీ గడ్డి కాలువల్లోనే ఉంది. గోల్ఫ్ క్లబ్బు గేటుకు తాళం వేసి గడ్డి మార్చుకోగలదు. పారే కాలువకు రైతు తాళం వేయగలడా?

ఇప్పుడు మన సంగతి. గ్లైఫోసేట్‌ను తట్టుకునే హెచ్‌టీ పత్తికి మన దేశంలో అనుమతి లేదు. అయినా 'బీజీ-3' పేరుతో ఊళ్లలో దొంగచాటుగా అమ్ముతున్నారు. కలుపు కూలీ భరించలేక కొన్న రైతును మనం తప్పుపట్టం. కానీ బిల్లు లేని విత్తనం మొలవకపోతే అడగడానికి ఎవరూ ఉండరు. గద్వాల వైపు విత్తన పత్తి వేసే రైతులకు జీఓటీ పరీక్ష ఫెయిలైతే ఏమవుతుందో తెలుసు. కల్తీ ఎక్కడి నుంచి వచ్చినా డబ్బు ఆగేది రైతుకే.

1966 విత్తన చట్టం ప్రకారం మొదటి నేరానికి జరిమానా 500 రూపాయలకు మించదు. రైతుకు నష్టపరిహారం ఇప్పించే మాటే అందులో లేదు. మనకు దారి చూపింది సుప్రీంకోర్టు. నాసిరకం విత్తనాలపై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు వినియోగదారుల ఫోరాల్లో గెలిస్తే, జాతీయ విత్తన సంస్థ పైకోర్టుకు వెళ్లింది. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, ఆ ఫోరానికి వెళ్లే హక్కు ఉందని 2012 జనవరిలో తీర్పొచ్చింది.

అందుకే ప్రతి రైతూ బిల్లు తీసుకోవాలి. సంచి, లాట్ నంబరు, గుప్పెడు విత్తనం పంట ఇంటికొచ్చేదాకా దాచాలి. మొలకలో, కాపులో తేడా కనిపిస్తే చేను దున్నకముందే వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు పుచ్చుకోవాలి. సంఘంగా మనం అడిగేవి మూడు: విత్తన చట్టంలో నష్టపరిహారం ఉండాలి. దొంగ విత్తనం పట్టుబడితే ఊళ్లో అమ్మినవాడితో ఆగకుండా తయారుచేసినవాడి దాకా కేసు నడవాలి. పరీక్ష పొలాల నుంచి ఏ మొక్క బయటపడినా, దాన్ని ఏరే ఖర్చు ఆ కంపెనీయే పెట్టుకోవాలి.

కల్తీ చేసినవాడే కడగాలి. ఈ మాట మీద మనం గట్టిగా నిలబడదాం.