నాలుగు ఉద్యోగాలు మారినవాడికి విదేశాల్లో కమ్యూనిటీ డెవలప్‌మెంట్ పని దొరుకుతుందా? | ఎపిసోడ్ పూర్తి టెక్స్ట్

ఈరోజు స్క్రిప్ట్ ఏమీ రాసుకోలేదు. పోయిన వారం ఒక మెసేజ్ వచ్చింది, దానికి జవాబు చెప్తూ పోతాను. పంపిన తమ్ముడిని అడిగే మాట్లాడుతున్నాను. పేరు చెప్పను, మహబూబ్‌నగర్ వైపు అబ్బాయి, అంతవరకు చాలు.

మెసేజ్ ఇది: "అన్నా, నాకు 27. బీఎస్సీ చేశాను. మెడికల్ రెప్‌గా ఏడాదిన్నర, తర్వాత ఒక కంపెనీలో ఏడాది, తర్వాత ఒక ఎన్జీఓలో సర్వే పని ఎనిమిది నెలలు, ఇప్పుడు హైదరాబాద్‌లో కాల్ సెంటర్, నైట్ షిఫ్ట్. నాకు ఊళ్లలో జనంతో పని చేయడమే ఇష్టం. ఆఫ్రికాలో అలాంటి పని చేయాలని ఉంది. ఇక్కడ ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఉగాండాలో ప్రాజెక్ట్ ఆఫీసర్ ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. 1,80,000 కట్టాలి. సోమవారం లోపు కడితే 20 వేలు తగ్గిస్తారంట. అమ్మ గొలుసు తాకట్టు పెట్టమంటావా?"

ఈ చివరి లైన్ చదివి నేను మెసేజ్ కూడా టైప్ చేయలేదు, డైరెక్ట్‌గా కాల్ చేశాను.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. కట్టొద్దు. ఐక్యరాజ్యసమితి సంస్థలైనా, పేరున్న పెద్ద ఎన్జీఓలైనా అప్లికేషన్‌కి, ఇంటర్వ్యూకి, ట్రైనింగ్‌కి రూపాయి తీసుకోవు. ఇక మన దేశం నుంచి విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంట్ ఎవరైనా 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి. ఈ-మైగ్రేట్ సైట్‌లో పేరు కొడితే ఉన్నాడో లేడో తెలిసిపోతుంది. రిజిస్టర్ అయినవాడు కూడా సర్వీస్ ఛార్జీగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. మరి లక్షా ఎనభై ఎక్కడిది? డేటా ఎంట్రీ అని చెప్పి కంబోడియా తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన కేసుల్లో మన కుర్రాళ్లు ఎంతమంది ఇరుక్కున్నారో 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టినప్పుడు చూశాం కదా. అక్కడ కూడా మొదట చెప్పింది "గ్యారంటీ" అనే.

సరే, ఇది చెప్పడం తేలిక. తర్వాత తమ్ముడు అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న. "మరి నాలాంటోడిని ఎవరు తీసుకుంటారన్నా? నా సీవీ చూస్తే పారిపోయిన దొంగ సీవీలా ఉంటది" అన్నాడు.

నవ్వొచ్చింది, కానీ నాకు ఆ ఫీలింగ్ బాగా తెలుసు. మీలో పాతవాళ్లకు నా కథ కొంచెం తెలుసు. బీటెక్, నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్, అది వదిలేసి మలావీలో తొమ్మిది నెలలు ఒక సంస్థ తరఫున వాలంటీర్‌గా పొదుపు సంఘాల లెక్కల పని, తర్వాత ఈ ఛానల్. మీకు చెప్పనిది ఏంటంటే, మలావీకి ముందు ఇంకో సంస్థలో ఇంటర్వ్యూకి వెళ్లి ఘోరంగా ఫెయిలయ్యాను.

వీడియో కాల్‌లో ముగ్గురు. మొదట నా ప్రాజెక్టులు, డేటాబేస్‌లు, అన్నీ అడిగారు, గడగడా చెప్పేశాను. తర్వాత ఒకామె అడిగింది: "ఊళ్లో మీటింగ్ పెట్టారు. ఆడవాళ్లు ముప్పై మంది వచ్చారు. ఎవరూ నోరు విప్పట్లేదు. మీరేం చేస్తారు?" నేను ఏమాత్రం ఆలోచించకుండా, పేరు బయటపడకుండా ఫీడ్‌బ్యాక్ ఇచ్చే యాప్ చేస్తాను అన్నాను. ఆమె చాలా మర్యాదగా, "ఆ ముప్పై మందిలో ఫోన్ ఎంతమంది చేతిలో ఉంటుందనుకుంటున్నారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత పది నిమిషాలు ఏం మాట్లాడానో నాకే తెలీదు.

రాత్రి అమ్మకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. మాది అనంతపురం జిల్లా. అమ్మ ఊళ్లో పొదుపు సంఘం లీడరు. అమ్మ ఒక్క నిమిషం ఆగి ఇలా అంది: "మీటింగులో యాడ మాట్లాడతారురా? పుస్తకం మూసినాక మాట్లాడతారు. నువ్వే కదా పుస్తకం రాస్తా ఉన్నింది. మర్చిపోయినావా?"

నిజంగానే మర్చిపోయాను. ఎనిమిదో క్లాస్ నుంచి ఇంటర్ వరకు ఆ సంఘం తీర్మానాల పుస్తకం, పొదుపు పుస్తకం నేనే రాశాను. ఎందుకంటే సంఘంలో అందరికీ సంతకం వచ్చు, రాయడం ఇద్దరికే వచ్చు, ఆ ఇద్దరికీ పడదు. మీటింగ్ జరిగినంతసేపు అందరూ "అట్లే కానీ, అట్లే కానీ" అనేవాళ్లు. నేను పుస్తకం మూసి పక్కన పెట్టగానే, ఫలానా ఆమె ఈ నెల కంతు కట్టలేదు, ఎందుకంటే మొగుడు డబ్బు పట్టుకుపోయాడు, ఆ మాటలన్నీ అప్పుడు వచ్చేవి. నాకు ఆకలేస్తా ఉండేది, వీళ్లు ఎప్పుడు లేస్తారా అని చూసేవాణ్ణి.

అంటే ఆ ఇంటర్వ్యూ ప్రశ్నకు నాకు ఐదేళ్ల అనుభవం ఉంది. అది నా సీవీలో లేదు. పైథాన్ ఉంది, టీమ్ ప్లేయర్ ఉంది, క్రికెట్ కూడా ఉంది. అది లేదు. ఎందుకు పెట్టలేదంటే, అది అమ్మ పని, ఊరి పని, ఉద్యోగం కాదు అనుకున్నాను.

ఇదంతా తమ్ముడికి చెప్పి, "నీ సీవీలో ఒక కంపెనీలో ఏడాది అని రాశావు, అది ఏం కంపెనీ?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. మైక్రోఫైనాన్స్. కలెక్షన్ ఏజెంట్.

"అది రాస్తే ఎన్జీఓ వాళ్లు తీసుకోరు అన్నా, అందుకే కంపెనీ అని వదిలేశాను" అన్నాడు. అతనికి ఆ ఉద్యోగమంటే సిగ్గు. మనకు తెలియంది కాదు కదా, ఈ వసూళ్ల ఒత్తిడి వల్లే 2010 అక్టోబర్‌లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. నువ్వెందుకు మానేశావు అని అడిగాను. ఒక ఇంటికి మూడోసారి వెళ్తే ఆ ఇంటామె ఏమీ అనకుండా లోపలికి వెళ్లి మిక్సీ తెచ్చి గడప మీద పెట్టిందంట. తీసుకుపో అన్నట్టు. ఆ తర్వాతి వారం రిజైన్ చేశాడు.

బ్రో, ఇది సీవీలో దాచాల్సిన విషయమా?

గ్రామీణ జీవనోపాధుల మీద పని చేసే ఏ సంస్థకైనా, అప్పు ఇంటి లోపల ఏం చేస్తుందో గడప దగ్గర నిలబడి చూసినవాడు కావాలి. వారంలో ఏ రోజు డబ్బుంటుంది, ఎవరు ఎవరి దగ్గర తెచ్చి ఎవరికి కడతారు, ఇవన్నీ ఇతనికి ఊరి పేర్లతో సహా తెలుసు. మెడికల్ రెప్ అంటే రోజూ తలుపు మూసేవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లగలిగినవాడు. కాల్ సెంటర్ అంటే, నవ్వకండి, పెద్ద ఎన్జీఓల్లో జనం ఫిర్యాదులు తీసుకుని నమోదు చేసి జవాబు చెప్పించడానికి ప్రత్యేకంగా మనుషులను పెట్టుకుంటారు. రేషన్ లిస్టులో పేరు రాలేదు, మీ వాలంటీర్ లంచం అడిగాడు, ఇలాంటివి. ఇతను రాత్రంతా చేస్తున్నది దాదాపు అదే. ఎన్జీఓ సర్వేలో కోబో టూల్‌బాక్స్ వాడాడంట ఫోన్‌లో. అది ప్రపంచమంతా సహాయ సంస్థలు వాడే టూల్, ఫ్రీగా నేర్చుకోవచ్చు. ఆ పేరు కూడా రాయలేదు మహానుభావుడు!

ఉద్యోగాలు మారడం ఈ రంగంలో పెద్ద తప్పేమీ కాదు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ ఉంది, ప్రపంచంలోని అతిపెద్ద ఎన్జీఓల్లో ఒకటి. దాన్ని 1972లో పెట్టిన ఫజ్లే హసన్ అబేద్ మొదట ఓడల డిజైనింగ్ చదవడానికి గ్లాస్గో వెళ్లాడు, అది వదిలేసి అకౌంటెన్సీ చేశాడు, షెల్ ఆయిల్ కంపెనీలో ఉద్యోగం చేశాడు. 1970 తుపాను, ఆ తర్వాత యుద్ధం, అక్కడి నుంచి దారి మారింది. మా అనంతపురంలో ఆర్డీటీ తెలియనివాళ్లు ఉండరు. 1969లో అనంతపురం వచ్చిన, స్పెయిన్‌కు చెందిన విన్సెంట్ ఫెర్రర్ గారు మతబోధకుడిగా మొదలుపెట్టారు. ఆయనతో పాటు వచ్చి, తర్వాత ఆయన్ను పెళ్లి చేసుకున్న అన్నె ఫెర్రర్ గారు జర్నలిస్ట్. ఇద్దరివీ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ డిగ్రీలు కావు.

కానీ ఇక్కడే ఒక తిరకాసు ఉంది, మోటివేషన్ వీడియోల్లో చెప్పరు. అబేద్ సంస్థ సొంత దేశంలో ముప్పై ఏళ్లు పని చేశాక, 2002లో అఫ్గానిస్తాన్‌లో అడుగుపెట్టింది. ఫెర్రర్ దంపతులు వచ్చి వెళ్లిపోలేదు, ఉండిపోయారు. మనం అడిగేది ఏంటి? ఏడాది కాంట్రాక్ట్. అప్పుడు అక్కడివాళ్లు అడిగే ప్రశ్న న్యాయమైనదే: ఈ పని మా దేశంలో డిగ్రీ చేసి, మా భాష మాట్లాడే అమ్మాయి చేయలేదా? నిన్ను ఎందుకు తీసుకోవాలి? చాలా ఫీల్డ్ ఉద్యోగాలు స్థానికులకే ఇస్తారు, ఇవ్వాలి కూడా. దీనికి తోడు 2025లో అమెరికా యూఎస్ఎయిడ్‌ను మూసేసింది, దాని డబ్బుతో నడిచే ప్రాజెక్టులు ఆగిపోయాయి, పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాళ్లు రోడ్డు మీద పడి అవే పోస్టులకు అప్లై చేస్తున్నారు. ఇది తెలిసే దిగాలి.

అందుకే తమ్ముడికి చెప్పింది: "నాకు సేవ అంటే ఇష్టం" అనే పేరా తీసేయ్. అందరూ అదే రాస్తారు. పేదింటి అప్పు, పొదుపు, ఇది నా సబ్జెక్ట్ అని ఒక్క లైన్ పైన పెట్టు. కింద నాలుగు ఉద్యోగాలనూ ఆ లైన్‌కి కట్టు. ఎన్ని ఊళ్లు తిరిగావు, వారానికి ఎన్ని ఇళ్లు, ఎందుకు మానేశావు, అంకెలతో రాయి. రెఫరెన్స్‌కి కాల్ సెంటర్ మేనేజర్‌ను కాదు, ఆ ఎన్జీఓ ఫీల్డ్ కోఆర్డినేటర్‌ను అడుగు.

ఎక్కడ వెతకాలి అంటే, రిలీఫ్‌వెబ్ రోజూ చూడొచ్చు, అది ఐక్యరాజ్యసమితి నడిపే సైట్. యూఎన్ వాలంటీర్స్‌లో ప్రొఫైల్ పెట్టుకోవచ్చు. అందులో వేరే దేశానికి వెళ్లే స్పెషలిస్ట్ కేటగిరీకి 27 నిండాలి, మూడేళ్ల అనుభవం ఉండాలి. 18 నుంచి 26 వాళ్లకు యూత్ కేటగిరీ వేరే ఉంది. ఇంట్లో కూర్చుని చేసే ఆన్‌లైన్ వాలంటీరింగ్ కూడా ఉంది, డబ్బు రాదు కానీ పని చేసినట్టు రుజువు ఉంటుంది. అమెరికా పీస్ కోర్ గురించి చాలామంది అడుగుతారు, అది అమెరికా పౌరులకే, టైమ్ వేస్ట్ చేసుకోకండి.

డబ్బు గురించి కూడా చెప్పాలి. వాలంటీర్ పోస్టుల్లో ఇచ్చేది జీతం కాదు, అక్కడ బతకడానికి అలవెన్స్. నేను వెళ్లేముందు సాఫ్ట్‌వేర్‌లో దాచుకున్నది ఉంది కాబట్టి ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ ఆగలేదు. తిరిగొచ్చాక ఐదు నెలలు పని లేదు. ఈ తమ్ముడికి వెనక అలాంటి నిల్వ ఏమీ లేదు, అమ్మ గొలుసు తప్ప. అందుకని కాల్ సెంటర్ ఇప్పుడే మానొద్దని కూడా చెప్పాను. అది వినడానికి అతనికి నచ్చలేదు.

వెళ్తే అన్నీ తెలిసిపోతాయని కూడా అనుకోవద్దు. మలావీలో న్‌సీమా అని మొక్కజొన్న పిండితో చేస్తారు, చూడ్డానికి మన సంకటిలా ఉంటుంది. మొదటి రోజు అది తినగానే ఇది మా ఊరే అనుకున్నాను. అక్కడే తప్పు చేశాను. అక్కడి పొదుపు సంఘాల డబ్బు ఒక పెట్టెలో ఉంటుంది, మూడు తాళాలు, ముగ్గురు ఆడవాళ్ల దగ్గర మూడు తాళం చెవులు. ఏడాది చివర మొత్తం పంచేసుకుని మళ్లీ సున్నా నుంచి మొదలుపెడతారు. నేను పెద్ద తెలిసినవాడిలా, మా దగ్గర పంచుకోరు, దాన్ని చూపించి బ్యాంకు లోన్ తెచ్చుకుంటారు, మీరూ అలా చేయొచ్చు కదా అన్నాను. ఒకావిడ నన్ను చేలోకి తీసుకెళ్లి చూపించింది. వానలు పడేముందు విత్తనం, ఎరువు కొనాలి. ఆ తర్వాత కోత వచ్చేదాకా తిండికి కటకట. ఆ డబ్బు చేతిలో పడాల్సింది అప్పుడే. ఇంకెవరి బ్యాంకులోనో ఉంటే ఏం లాభం అంది. ఆ తర్వాత రెండు వారాలు నేను సలహాలు ఆపి, పుస్తకం రాసి పెట్టాను. పుస్తకం మూశాక కూడా లేవకుండా కూర్చున్నాను. భాష సగం కూడా అర్థమయ్యేది కాదు, పక్కనున్న అమ్మాయి చెప్పేది.

ఇక తమ్ముడి సంగతి. ఆదివారం రాత్రి కొత్త సీవీ పంపాడు. రెండు పేజీలు. మైక్రోఫైనాన్స్ ఉద్యోగం రెండో లైన్‌లో ఉంది, మిక్సీ సంగతి కవర్ లెటర్‌లో నాలుగు వాక్యాల్లో రాశాడు, నేను ఒక్క అక్షరం మార్చలేదు. సోమవారం కన్సల్టెన్సీ వాళ్లు పదకొండుసార్లు ఫోన్ చేశారంట, సాయంత్రానికి డిస్కౌంట్ 60 వేలు అయింది. ఎత్తలేదు. మూడు చోట్ల అప్లై చేశాడు, అందులో ఒకటి ఉగాండా, ఒకటి నేపాల్, ఒకటి మన ఒడిశాలోనే. ఒడిశా వాళ్ల నుంచి నిన్న మెయిల్ వచ్చింది, గురువారం ఫోన్‌లో మాట్లాడతారంట. "ఒడిశా విదేశం కాదు కదన్నా" అన్నాడు. వాళ్ల ఊరి భాష నీకు వచ్చా అని అడిగాను. రాదు అన్నాడు. మరి ఇంకేం కావాలి అన్నాను.

శుక్రవారం అతనితో మాట్లాడి, ఒప్పుకుంటే నెక్స్ట్ ఎపిసోడ్‌లో లైన్‌లోకి తీసుకుంటాను. ఉంటాను, బై.