నిండు కాలువ, శివారు పొలం

చల్లపల్లిలో తల్లి, డల్లాస్‌లో కొడుకు వీడియో కాల్‌లో మాట్లాడుకుంటే ఆ మాటలు ఉపగ్రహం మీదుగా వెళ్తాయన్న భావన ఇప్పటికీ బలంగా ఉంది. నిజానికి గాలిలో సాగేది సెల్ టవర్ వరకే. అక్కడి నుంచి ఆప్టికల్ ఫైబర్ గుండా ముంబైకో చెన్నైకో చేరి సముద్రంలోకి దిగుతాయి. ఖండాంతర ఇంటర్నెట్ సమాచారంలో 95 శాతానికి పైగా నడిచేది ఈ సముద్రగర్భ కేబుళ్లలోనే.

కేబుల్ లోపల ఉండేవి వెంట్రుకంత సన్నని గాజు పోగులు. వాటిలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు సాగుతుంది. దారిలో బలహీనపడే కాంతికి రిపీటర్లు మళ్లీ బలమిస్తాయి. భూస్థిర ఉపగ్రహం ఉండేది 35,786 కిలోమీటర్ల ఎత్తున. దాని మీదుగా ప్రశ్న వెళ్లి జవాబు వచ్చేసరికి అర సెకను గడుస్తుంది. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే స్టార్‌లింక్ ఉపగ్రహాలు ఆ ఆలస్యాన్ని బాగా తగ్గించాయి. 2022, 2023లలో శ్రీహరికోట నుంచి రెండు విడతలుగా ఎగిరిన 72 వన్‌వెబ్ ఉపగ్రహాలు కూడా తక్కువ ఎత్తు కక్ష్యల్లో తిరిగేవే. అయినా ఉపగ్రహం మోయగల సమాచారం పరిమితం. దాన్నే ఆ ప్రాంతంలోని వారందరూ పంచుకోవాలి.

ఈ తేడాను అండమాన్ దీవులు అనుభవించాయి. తెలుగువారు గణనీయంగా స్థిరపడిన పోర్ట్ బ్లెయిర్ ఏళ్ల తరబడి ఉపగ్రహాల మీదే ఆధారపడింది. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి దీవులకు వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ ప్రారంభమయ్యాకే వేగవంతమైన ఇంటర్నెట్ అందింది.

కేబుల్‌కూ గండాలున్నాయి. ఓడ లంగర్లు, చేపల వలలు తగిలి తరచూ తెగుతుంది. 2022 జనవరిలో సముద్రగర్భ అగ్నిపర్వతం పేలి టోంగా కేబుల్ తెగితే, అది బాగయ్యే వరకు ఐదు వారాలు ఆ దేశానికి ఉపగ్రహాలే దిక్కయ్యాయి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో బాహ్య ప్రపంచంతో సంబంధాలు తెగిన దివిసీమకు ఆ ఒంటరితనం కొత్త కాదు.

కృష్ణా డెల్టా రైతుకు ఈ లెక్క తెలిసిందే. పంటను నిలిపేది నిండుగా పారే ప్రధాన కాలువ. నీరందని శివారు పొలాన్ని కాపాడేది ఇంజను పెట్టి తోడిన నీరు. కేబుల్ ఆ కాలువ, ఉపగ్రహం ఆ ఇంజను. విశాఖ తీరానికి అంతర్జాతీయ కేబుళ్లు తెస్తామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. ముంబై, చెన్నైలకు విశాఖ కొత్త కేబుల్ రేవుగా తోడైతే, ఒక దారి తెగినా మరో దారి ఉంటుంది. నేడు పట్టా అందుకొంటున్న ఇంజనీర్ల తరం ముందున్న పని ఇదే: కాలువలు పెంచడం, శివారును మరవకపోవడం.