నత్రజని – ఇనుము

మనము పీల్చు గాలిలో అయిదింట నాలుగు పాళ్లు నత్రజనియే. పైరునకు ముఖ్యాహారమును నత్రజనియే. వరిచేనిపై ఇంత నత్రజని నిలిచియుండగా, రైతు యూరియా బస్తా ఏల కొనవలెను? నత్రజని అణువులో రెండు పరమాణువులు మూడు బంధములతో పెనవేసికొని ఉండును. ఆ పట్టు విడినగాని అది పైరునకు అక్కరకు రాదు.

1909లో జర్మనీయందలి కార్ల్స్‌రూహె సాంకేతిక విద్యాలయములో ఫ్రిట్జ్ హాబర్, నత్రజనిని ఉదజనితో అధిక పీడనమున కలిపి అమ్మోనియా చేసి చూపెను. యూరియాకు మూలము ఈ అమ్మోనియాయే. 1913లో ఓపౌ వద్ద కర్మాగారము వెలసెను. అచ్చట ఉత్ప్రేరకము ఇనుము. దానికి తోడు కొలదిగా అల్యూమినియం ఆక్సైడు, పొటాషియము.

ఉత్ప్రేరకమనగా పెళ్లిళ్ల పేరయ్య వంటిది. సంబంధము కుదుర్చును, తాను మాత్రము వేరొక ఇంటికి సాగిపోవును. అయితే ఈ పేరయ్య నత్రజని జంటను ముందుగా విడదీయునా, లేక జంటగానే ఉదజనికి అప్పగించునా? కర్మాగారము నడచి 60 ఏండ్లు గడచినను ఈ వాదము తెగలేదు.

చిక్కేమనగా, ఈ పనియంతయు ఇనుము పైపొరమీదనే జరుగును. ఆ పొరను శుభ్రపరచి చూతమన్నచో, గాలి ఊరకుండదు. వాతావరణ పీడనములో నూరు కోట్లవ వంతు గాలి మిగిలినను, ఒక్క క్షణములో ఆ పొరను కప్పివేయగలదు. కాబట్టి అంతకంటెను మిక్కిలి గాలిని తోడివేయవలెను.

1970ల దశకమున మ్యూనిక్ విశ్వవిద్యాలయములో గెర్హార్డ్ ఎర్టల్, ఆయన సహచరులు ఈ పనికి పూనుకొనిరి. నునుపుచేసిన ఇనుప స్ఫటికమును ఉక్కుగదిలో శూన్యమునందుంచి, కొలదిగా నత్రజనిని వదలి, ఎలక్ట్రాన్ల సాయమున పైపొరను పరిశీలించిరి. నత్రజని ముందు రెండు పరమాణువులుగా చీలును. తరువాత ఒక్కొక్క ఉదజని పరమాణువును చేర్చుకొని అమ్మోనియాగా మారును. మన పేరయ్య పెండ్లికి ముందు విడాకులు ఇప్పించుచున్నాడన్నమాట! ఆ విడాకులు సులభముగా దొరకవు. పది లక్షల అణువులు ఇనుమును తాకిన, ఇంచుమించు ఒక్కటి చీలును. కర్మాగారపు వేగమును నిర్ణయించునది ఈ ఒక్క మెట్టే. పొటాషియము ఇనుమునకు ఎలక్ట్రాన్లనిచ్చి ఈ చీలికకు తోడ్పడుననియు తేలెను.

1980ల దశకమున కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయములో గాబర్ సొమొర్జాయ్ బృందము మరియొక సంగతి చూపెను. అదే ఇనుము, అదే స్ఫటికము. కాని పరమాణువులు ఎడముగా అమరిన ముఖముపై, దట్టముగా అమరిన ముఖముపైకంటె అమ్మోనియా కొన్ని వందల రెట్లు వేగముగా పుట్టెను. ఇనుమైన చాలదు, దాని ముఖము ఎట్టిదో కూడ చూడవలెను.

ఉపరితల రసాయన పరిశోధనలకుగాను 2007లో ఎర్టల్‌కు నోబెల్ బహుమతి లభించెను. ఆ ప్రకటన వెలువడినది ఆయన 71వ జన్మదినమున.

ఇంత తెలిసినను కర్మాగారములకు నేటికిని 400 డిగ్రీల పైబడిన వేడి, 100 వాతావరణముల పైబడిన పీడనము కావలసియే ఉన్నవి. యూరియా బస్తా వెనుక ఇంత ఇంధనము ఖర్చగుచున్నది. అయితే ఎచ్చట మెలిపడినదో నేడు తెలిసినది. ఆ ఒక్క చీలికను తక్కువ వేడిలో జరిపించు ఉత్ప్రేరకము చేజిక్కిననాడు ఆ భారము తగ్గగలదు. ప్రయోగశాలలలో అన్వేషణ సాగుచున్నది.