పాత కారు గేర్‌బాక్స్‌కు ఒక చిన్న కూలర్
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు ఫోన్ చేసి, "నీకు చేతనైన పని ఒకటి చెప్పరా, నలుగురికీ పనికొచ్చేదై ఉండాలి" అన్నారు. నాకు చేతనైంది పాత కారు బాగుచేసుకోవడం ఒక్కటేనండి. నేను అమెరికాలో డాలస్ దగ్గర ఉంటున్నాను. రోజూ నడిపే పాత కారు గేర్‌బాక్స్‌కు నా చేతులతో ఒక కూలర్ బిగించాను. ఆ సంగతే చెబుతాను.

వెళ్లిన కొత్తలో ఒక సెకండ్‌హ్యాండ్ ఆటోమేటిక్ కారు కొన్నాను. ఇంజన్ ఆయిల్ వేళకు మార్చేవాణ్ణి. టైర్లలో గాలి చూసేవాణ్ణి. గేర్‌బాక్స్ ఆయిల్ మాత్రం ఒక్కనాడూ చూడలేదు. 2005 ఆగస్టులో, ఎనిమిదో నెల నిండిన నా భార్యను డాక్టరుకు చూపించి ఇంటికి తీసుకొస్తున్నాను. హైవే మీద ఉన్నట్టుండి ఇంజన్ అరుస్తోంది గానీ బండి లాగడం లేదు. మండుటెండలో గంటన్నర రోడ్డు పక్కన నిలబడ్డాం. ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది.

మర్నాడు మెకానిక్ ఆయిల్ పుల్ల తీసి చూపించాడు. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ మన రాజమండ్రి రోజ్ మిల్క్ రంగులో ఉంది. రేడియేటర్ లోపలి గొట్టం పాడై నీళ్లు ఆయిల్లో కలిశాయి. గేర్‌బాక్స్‌లో క్లచ్ ప్లేట్ల మీద అంటించిన పొర ఆ నీళ్లకు ఊడిపోతుంది. గేర్‌బాక్స్ మార్పించడానికయ్యే డబ్బు నేను కారు కొన్న డబ్బు కంటే ఎక్కువ. కారును తుక్కుకి ఇచ్చేశాను.

ఆ తర్వాతే కూర్చుని నేర్చుకున్నాను. మామూలు గేర్ల బండిలో క్లచ్ ఉండే చోట, ఆటోమేటిక్‌లో టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఒక చక్రం ఆయిల్‌ను చిమ్మితే, ఆ తోపుకి రెండో చక్రం తిరుగుతుంది. రెండింటి వేగంలో తేడా ఉన్నంతసేపూ ఆయిల్ వేడెక్కుతూనే ఉంటుంది. కాకినాడ ట్రాఫిక్‌లో, ఏడీబీ రోడ్డు మీద లారీల వెనక ఆగి ఆగి కదిలేటప్పుడు ఈ వేడి మరీ ఎక్కువ. సుమారు 80 డిగ్రీలు దాటాక ప్రతి 11 డిగ్రీలకూ ఆయిల్ ఆయుష్షు సగానికి పడుతుందని మెకానిక్కులు చెప్పుకునే లెక్క. అది కచ్చితమైన సూత్రం కాదు, ఉజ్జాయింపు మాత్రమే.

చాలా కార్లలో ఈ ఆయిల్‌ను రేడియేటర్ లోపలి గొట్టంలోంచి తిప్పి చల్లారుస్తారు. మన సైన్సు మాస్టార్లు చెప్పిందే ఇక్కడ పనికొచ్చింది. వేడి ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికే పోతుంది. రేడియేటర్ నీళ్లే 80, 90 డిగ్రీల్లో ఉంటే ఆయిల్ అంతకంటే చల్లబడదు. బయటి గాలి మాత్రం నడి వేసవిలోనూ 40, 45 డిగ్రీలే. మన స్టేషన్ దగ్గర టీ కొట్టులో గ్లాసులోంచి గ్లాసులోకి టీ ఎత్తి పోస్తారు కదా, వేడి టీ ఎక్కువ మేర గాలికి తగలాలని. కూలర్‌లోని సన్నటి రేకులు చేసే పనీ అంతే.

తర్వాత కొన్న కారుకు ముందుగా కొత్త రేడియేటర్ వేశాను. లోపలి గొట్టం లీకైతే, బయట కూలర్ ఉన్నా నీళ్లు కలవడం ఆగదు. ఆ పైన కూలర్‌ను ఏసీ కండెన్సర్ ముందు పెట్టాను. ఆయిల్ గేర్‌బాక్స్ నుంచి రేడియేటర్లోకి, అక్కడి నుంచి కూలర్లోకి, మళ్లీ గేర్‌బాక్స్‌లోకి వెళ్తుంది. మొదట ప్లాస్టిక్ టైలతో కండెన్సర్‌కు కట్టేశాను. నెల తిరక్కుండానే రాపిడి గీతలు పడ్డాయి. అప్పుడు ఇనప పట్టీలతో, మధ్యలో ఖాళీ వదిలి బిగించాను. నీళ్ల పైపు వాడకూడదు, గేర్‌బాక్స్ ఆయిల్‌కు పనికొచ్చే రబ్బరు పైపే వాడాలి. పని అయ్యాక కారు కంపెనీ చెప్పిన ఆయిలే పోసి, మట్టం చూసి, లీకులు వెతకాలి.

ఇది అందరికీ అక్కర్లేదండి. చేత్తో గేర్లు వేసే బండికి అవసరం లేదు. ఏఎమ్‌టీ బండిలోనూ ఉండేది మామూలు క్లచ్చే, కాబట్టి దానికీ వద్దు. సీవీటీ అయితే కంపెనీ వాళ్లను అడగండి. ఇప్పటికే గేర్లు జారుతున్న గేర్‌బాక్స్‌ను కూలర్ బతికించదు. ముందు ఆయిల్ చూడండి. శుభ్రంగా ఎర్రగా ఉంటే మంచిదే. నల్లబడి మాడు వాసన వస్తే మెకానిక్‌కు చూపించండి. పాలు కలిపినట్టుంటే బండి స్టార్ట్ చేయకుండా ఉన్నచోటి నుంచే లాగించుకెళ్లండి. ఆయిల్ పుల్ల లేని బండి అయితే మెకానిక్ చేతే చూపించాలి.

ఆనాడు రోడ్డు పక్కన అమ్మ కడుపులో ఉన్న పిల్ల ఇప్పుడు ఈ పాత కారులోనే కాలేజీకి వెళ్తోంది. తాళం ఇచ్చేముందు పుల్ల తీసి చూడడం నేర్పాను. నెలకోసారి తనే చూసి, "ఎర్రగానే ఉంది నాన్నా" అని చెబుతుంది. వాళ్లమ్మ ఆ మాట వింటుంది, ఇప్పుడూ ఏమీ అనదు. కానీ నవ్వుతుంది.