నల్లబల్ల మీద గీతలాట

అమెరికాలో ఒక నాలుగో తరగతి. లెక్కల గంటలో ఒకడు లేచి తిరుగుతుంటాడు, ఇంకొకడు పక్కవాడితో ముచ్చట్లు. కొందరి మీద ప్రధానోపాధ్యాయుడికి పలుమార్లు ఫిర్యాదులు వెళ్లాయి.

అక్కడ ముగ్గురు పరిశోధకులు ఒక ఆట ఆడించి, ఫలితాలను 1969లో ప్రచురించారు. తరగతిని రెండు జట్లు చేశారు. అనుమతి లేకుండా ఎవరు లేచినా, మాట్లాడినా నల్లబల్ల మీద ఆ జట్టుకు ఒక గీత. తక్కువ గీతలున్నవాళ్లది గెలుపు. ఎవరికీ అయిదు దాటకపోతే రెండు జట్లూ గెలిచినట్టే! బహుమతులకు పెద్ద ఖర్చేమీ లేదు: ఒక బ్యాడ్జీ, భోజనాల వరసలో ముందు చోటు, బడి వదిలేముందు కాసేపు ఇష్టమైన పని.

అల్లరి బాగా తగ్గింది. ఆట ఆపితే మళ్లీ పెరిగింది, ఆడిస్తే తగ్గింది. ఇద్దరు మాత్రం ఆడేది లేదని మొండికేశారు. వాళ్లవల్ల జట్టంతా నష్టపోవడం అన్యాయమని వాళ్లను జట్టు నుంచి తప్పించారు. ఆట చిక్కంతా అక్కడే ఉంది. తోటివాళ్ల కోసం నోరు అదుపులో పెట్టుకోవడం నేర్పు, కానీ ఒకడి తప్పు అందరి నెత్తిన పడితే వాడు ఒంటరివాడవుతాడు. పైగా కుదురుగా కూర్చోవడమే మంచితనం కాదు.

1985లో బాల్టిమోర్ నగరంలో ఒకటో తరగతి పిల్లలతో ఇదే ఆట ఆడించారు. వాళ్లకు 19 నుంచి 21 ఏళ్లు వచ్చాక చూస్తే, చిన్నప్పుడు బాగా దుడుకుగా ఉన్న మగపిల్లల్లో, ఆట ఆడని అలాంటివాళ్లకంటే మత్తుమందుల సమస్య తక్కువగా కనిపించింది. అక్కడ మొదట వారానికి మూడుసార్లు, పదేసి నిమిషాలే ఆడించారు. ముందే చెప్పి ఆడించేవారు. తర్వాత్తర్వాత చెప్పకుండానే మొదలుపెట్టేవారు.