కావలి సోదరుల జాబులు – మన యింటి ఉత్తరములు

(బొమ్మిడిలో తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



నేను పండితుడను గాను. పాత కాగితములు కంటబడినచో చదువక విడువలేని దురలవాటు గలవాడను మాత్రమే. ఆ అలవాటు నాకెట్లు కలిగినదో మొదట మనవి చేసికొందును.

మా తాతగారి యింటి వసారాలో దూలమునుండి ఒక ఇనుప తీగ వ్రేలాడుచుండెడిది. దాని అడుగున ఒక చెక్కబిళ్ల ఉండెడిది. వచ్చిన ప్రతి ఉత్తరమును తాతగారు బిగ్గరగా చదివి, నాయనమ్మకు వినిపించి, పిదప ఆ తీగకు గ్రుచ్చెడివారు. పెండ్లి శుభలేఖలు, పురుళ్ల కబుర్లు, అప్పుల లెక్కలు, పంటల ధరలు అన్నియు ఆ తీగ మీదనే యుండెడివి. వారు గతించిన పిమ్మట ఒక పండుగకు ఇంటికి సున్నము వేయించుచు, ఆ తీగను దింపి కాగితములన్నియు తూకమునకు అమ్మివేసితిమి. అమ్మినవాడను నేనే. అప్పుడు నాకు పదునాలుగేండ్లు. వచ్చిన చిల్లరతో వేరుసెనగ ఉండలు కొని తింటిని. ఆనాడు నేనెంత తింటినో, ఎంత పోగొట్టితినో తెలిసికొనుటకు నాకు ముప్పది యేండ్లు పట్టినది.

ఈ విచారముతోనే నేడు కావలి సోదరుల కథను మీ ముందుంచుచున్నాను.

కావలివారు ఏలూరి నియోగి బ్రాహ్మణులు. ఆ కుటుంబమున వెంకట బొర్రయ్య, వెంకట లక్ష్మయ్య, వెంకట రామస్వామి యను సోదరులు ప్రసిద్ధులు. బొర్రయ్య 1776లో జన్మించెను. 1796 ప్రాంతమున ఆయన కాలిన్ మెకంజీ యను కుంపిణీ ఇంజనీరు వద్ద కొలువున చేరెను. మెకంజీ స్కాట్లండు దేశీయుడు. 1783లో చెన్నపట్టణమున దిగినవాడు. పదమూడేండ్లు గడచినను ఆయనకు ఈ దేశపు భాషలు పట్టుబడలేదు. గుడి గోడమీది శాసనము ఆయనకు వట్టి గీతలుగానే యుండెడిది. ఆ గీతలను మాటలుగా వినిపించినవాడు బొర్రయ్య. తనకు భారతీయ విజ్ఞానపు ద్వారము తెరచినవాడు ఈ యువకుడేయని మెకంజీ 1817లో తన మిత్రుడగు అలెగ్జాండరు జాన్‌స్టనుకు జాబు వ్రాసెను. కృతజ్ఞతతో వ్రాసిన ఆ జాబు లేకున్నచో బొర్రయ్య పేరును ఇంతగా పలుకువారుందురా యని నా సందేహము.

1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన పిదప మైసూరు రాజ్యమును కొలిపించు పని మెకంజీకి అప్పగింపబడినది. బొర్రయ్య ఆయనతో ఊరూరు తిరిగి, పాత కన్నడ లిపిని నేర్చి, శాసనములకు నకళ్లు తీసెను. ఒక జైన గురువునుండి ఆయన సేకరించి అనువదించిన జైనమత వృత్తాంతము ‘ఏషియాటిక్ రీసర్చెస్’ తొమ్మిదవ సంపుటమున ఆయన పేరుతోనే అచ్చయినది. కాని దానిని చూచుకొను భాగ్యము ఆయనకు లేకపోయెను. 1803లో, ముప్పది యేండ్లయినను నిండకయే, బొర్రయ్య పరమపదించెను.

అన్న విడిచిన పనిని తమ్ముడు లక్ష్మయ్య చేపట్టెను. మన కథకు ముఖ్యమైన జాబులు ఇక్కడనే మొదలగుచున్నవి. నారాయణరావు, ఆనందరావు, నిటల నయన, శ్రీనివాసయ్య మొదలగువారు దక్షిణాపథమంతటను తిరుగుచు, తాము చూచినదియు విన్నదియు జాబులుగా వ్రాసి పంపుచుండిరి. లక్ష్మయ్య వారికి ఉత్తరువులు పంపుచు, పని నడచిన తీరును దొరగారికి నివేదించుచుండెను. ఏ యూరికి పోయినది, ఏ కరణమును కలిసికొన్నది, ఏ కవిలె కట్ట దొరకినది, ఎవరు చూపుటకు నిరాకరించినది, దారిబత్తెమున కెంత యైనది అన్నియు వాటియందు గలవు. పాత లెక్కలు చూపినచో సర్కారువారు పన్ను పెంచుదురేమోయని గ్రామస్థులు భయపడెడివారట. ఆ భయము తీర్చి, బుజ్జగించి, ఒక్కొక్క కాగితమునకు నకలు సంపాదించుట యెంత ఓర్పుతో గూడిన పనియో ఊహింపుడు.

ఆ ఓర్పు ఫలము సామాన్యము గాదు. 1821లో మెకంజీ మరణించునాటికి చేరిన సంగ్రహమున 1,568 వ్రాతప్రతులు, 8,076 శాసనముల నకళ్లు, 6,218 నాణెములు గలవు. గ్రామ కైఫీయతులు వేరు. కుంపిణీవారు దానిని ఆయన భార్య వద్ద లక్ష రూపాయలకు కొనిరి. హోరేసు విల్సను 1828లో దాని పట్టికను కలకత్తాలో అచ్చు వేయించెను. ఊళ్లు తిరిగిన ఉద్యోగుల జాబులకు ఆ పట్టికలో ప్రత్యేకముగా ఒక భాగమే గలదు. తరువాత ఆ సంగ్రహము కొంత లండనుకు, కొంత చెన్నపట్టణమునకు చేరినది. శిథిలమగుచున్న స్థానిక చరిత్రలను చార్లెస్ ఫిలిప్ బ్రౌను ప్రతులు వ్రాయించి సంపుటములుగా కట్టించెను. నేటికిని వాటిని చెన్నపట్టణపు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున చూడవచ్చును.

ఇక లక్ష్మయ్యగారి గతి యేమైనది? దొరగారు పోయిన పిదప, ఆగిపోయిన పరిశోధనను తాను సాగింతునని ఆయన ప్రభుత్వమునకు విన్నవించుకొనెను. ఆ విన్నపము కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీవారి అభిప్రాయమునకు పోయినది. ఇట్టి మహాకార్యమును నడపుటకు ఆయన చాలడని 1836లో వారు తేల్చిరి. ఆ పని పిదప విలియం టెయిలరు అను మతగురువు చేతికి పోయినది. ముప్పది యేండ్లకు పైగా ఆ కాగితముల నడుమ జీవించినవాడు వాటికి తగడట! కాని, అయ్యలారా, ఆ తీర్పు చెప్పినవారి మాట ఒక్కటే మిగిలి, లక్ష్మయ్య జాబులు నశించియుండినచో, మనమును ఆ తీర్పునే నమ్మియుందుము. జాబులు నిలిచినవి గనుక, పని యెవరు చేసిరో, ఎట్లు చేసిరో లోకమునకు తెలిసినది. తీర్పు మీద అప్పీలు నేటికిని విచారణలో నున్నదన్నమాట. అందు సాక్ష్యము ఆ జాబులే.

మూడవ సోదరుడు రామస్వామి చేసినది మరియొక పని. ఆయన ‘దక్కను కవుల జీవితములు’ అను గ్రంథమును ఇంగ్లీషున వ్రాసి 1829లో కలకత్తాలో ప్రకటించెను. మహాకవుల సరసన తన అన్న బొర్రయ్య చరిత్రమును గూడ అందు చేర్చెను. దీనిని స్వజనాభిమానమని కొందరు నవ్వవచ్చును. నేను నవ్వను. తోబుట్టువు వ్రాయని యెడల, ముప్పది నిండకుండ పోయిన ఆ యువకుని బాల్యమును గూర్చి వ్రాయువారెవరు?

ఇపుడు ఒక సంగతిని గమనింపుడు. కావలివారి జాబులలో మనకు దక్కినవి కచేరీకి సంబంధించినవి. అందులో అధిక భాగము ఇంగ్లీషున గలవి. కచేరీకి వ్రాసిన దానిని కచేరీ దాచినది. ఇంటికి వ్రాసిన దానికి ఇల్లే భాండాగారము. ఇల్లు దాచినచో నిలుచును; దాచనిచో గాలికి పోవును. నేను చెప్పదలచినది ఈ యొక్క మాటయే.

దీనికి మన సీమలోనే మరియొక నిదర్శనము గలదు. 1792లో శ్రీరంగపట్టణపు సంధి వలన బారామహలు కుంపిణీ వశమైనప్పుడు, కెప్టెన్ రీడుకు సహాయకుడుగా తామస్ మన్రో ఇక్కడికి వచ్చి 1799 వరకు నుండెను. పగలంతయు రైతులతోను కరణములతోను జమాబందీ లెక్కలు చూచి, తీరిక దొరకినప్పుడు స్కాట్లండులోని తండ్రికిని చెల్లెలికిని ఉత్తరములు వ్రాసెడివాడు. ధర్మపురిలో తాను పెంచిన తోటను గూర్చి మురిసికొనుచు వ్రాసెను. ఆ యింటివారు వాటిని దాచిరి. ఆయన 1827లో పత్తికొండలో మరణింపగా, మూడేండ్లకే అవి ఆయన జీవిత చరిత్రలో అచ్చయినవి. అందుచేత ఆనాటి మన్రో మనసు మనకు తెలియును. ఆయన యెదుట గంటము పట్టి కూర్చున్న మన కరణము ఆ రాత్రి తన యింటికి ఏమి వ్రాసెనో, దానిని చెప్పవలసినది మన పెట్టెలే గాని లండను గాదు.

“మా పూర్వులు చరిత్రకారులా? వారి ఉత్తరములలో ఏమున్నది?” అని మీరడుగవచ్చును. ధాత కరవును గూర్చి మన పెద్దలు చెప్పగా వినియే యుందురు. అది 1876–78 నాటి మహాక్షామము. సేలము జిల్లాను మిక్కిలి పీడించినది. ఆ యేట గింజలు ఏ ధర పలికినవి, ఎవరు ఊరు విడిచిరి, ఎవరి పిల్లలు ఎవరి యింట పెరిగిరి అను సంగతులు గెజెటీరులో లేవు. ఒక ఆడుబిడ్డ పుట్టింటికి వ్రాయించిన జాబులో నుండవచ్చును. చరిత్ర వ్రాయుచున్నామని కరణమునకును తెలియదు. శిస్తు లెక్క వ్రాసికొనెను. అదియే నేడు చరిత్ర.

“ఉత్తరములలో ఇంటి గుట్టు ఉండును గదా?” అని మరికొందరందురు. నిజమే. అప్పులు, అలుకలు, ఆస్తి తగవులు ఉండును. దాచుట వేరు, చాటుట వేరు. చదివి, తగినవానిని మాత్రమే పైకి చూపుడు; తక్కినవానిని కట్టి పెట్టెలో నుంచుడు. గుట్టు కొరకు తగులబెట్టినచో గుట్టుతోపాటు పేర్లును కాలిపోవును. మరణవార్త తెచ్చిన జాబును చదివి చించివేయు ఆచారము మనలో నున్నది. ఆ జాబు నుంచుకొన మనసొప్పనిచో, చించుటకు ముందు ఆ తిథిని పేరును ఒక పుస్తకమున వ్రాసికొనుడు.

కాలనిర్ణయమును గూర్చి ఒక మాట. పాత జాబులలో సంవత్సరనామము మాత్రమే యుండును. అరువదేండ్లకొకమారు అదే పేరు తిరిగి వచ్చును గనుక పొరపడుదుము. ‘దుర్ముఖి’ అని యున్నచో 1836 కావచ్చును, 1896 కావచ్చును, 1956 కావచ్చును. అప్పుడు తపాలా బిళ్లను చూడుడు. ఈ దేశమంతటికిని బిళ్లలు వచ్చినది 1854లో; కాలణా కార్డు వచ్చినది 1879లో. రాణి విక్టోరియా బొమ్మ యున్నచో అది 1896 నాటి దుర్ముఖి. స్వతంత్ర భారతపు బిళ్ల యున్నచో 1956 నాటిది. కార్డుమీది తపాలా ముద్ర ఊరిపేరును గూడ చెప్పును.

కాగితములను కాపాడుటకు పెద్ద ఖర్చు అక్కరలేదు. అంటించు టేపును వేయరాదు. కొన్నేండ్లకు అది పసుపుబారి కాగితమును తినివేయును. ఇనుప గుండుసూదులను తీసివేయవలెను. తేమ తగులని చోట, శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి ఉంచవలెను. నేడు ప్రతి యింటను కెమెరా గల ఫోను ఉన్నది గనుక, వెలుతురున పెట్టి రెండు వైపులను ఛాయాచిత్రములు తీసినచో అసలు చెడినను నకలు మిగులును.

ఇంతకన్న కష్టమైన పని యింకొకటి గలదు. పాత జాబులు గొలుసుకట్టు వ్రాతలో నుండును. అక్షరమునకు అక్షరము తగిలి, చేయి యెత్తకుండ వ్రాసిన వ్రాత అది. దానిని చదువగల పెద్దలు మన నడుమ వ్రేళ్లమీద లెక్కింపదగినంతమంది యున్నారు. మన పిల్లలు ఇంట తెలుగు మాటాడుచున్నారు గాని, పలువురికి అచ్చు తెలుగే చదువరాదు. ఇక గొలుసుకట్టు మాట యేమి? కాగితము నూరేండ్లు నిలువవచ్చును. చదువగల కన్నులు అంతకాలము నిలువవు. అవి పోయిన నాడు మన జాబులు, బొర్రయ్య రాకమునుపు మెకంజీకి శాసనములెట్లో, మనకట్లే వట్టి గీతలగును. అప్పుడు మన తాతల మాటను మనకు చదివి చెప్పుటకు ఏ బొర్రయ్య రావలెను?

కావున నా ప్రార్థన ఇది. ఒక ఆదివారము, చదువగల ఒక పెద్దను, ఫోను పట్టగల ఒక పిల్లవానినో పిల్లనో ఒకచోట కూర్చుండబెట్టుడు. పెద్దవారు బిగ్గరగా చదువవలెను. పిల్లలు ఆ గొంతును పట్టి యుంచి, తమకు వచ్చిన లిపిలో వ్రాసికొనవలెను. వ్రాసినది తమిళ లిపియైనను సరే, సిగ్గుపడనక్కరలేదు. పేర్లు, ఊళ్లు, చుట్టరికములు దక్కుటయే ముఖ్యము. ఆ మాటలు తమ యింటివేయని తెలిసిన పిల్లలు ఒకనాడు తెలుగు లిపిని తామే అడిగి నేర్చుకొందురని నా ఆశ.

మా తాతగారి తీగమీద ఎన్ని జాబులుండెనో నేను చెప్పలేను. అందు ఒకటి మాత్రము తూకమువాని సంచినుండి జారి వాకిట పడగా, నాయనమ్మ తీసి దాచినది. అది తాతగారికి ఆయన అక్కగారు వ్రాయించిన కార్డు. ఉభయకుశలోపరి యని మొదలిడి, వానలు లేవనియు, ఆవు ఈనినదనియు, తమ్ముని చూడవలెనని యున్నదనియు మూడు సంగతులు అందులో గలవు. ఆ కార్డును ఈ దినమున నా జేబులో పెట్టుకొని వచ్చితిని. సభ ముగిసిన పిదప చూడగోరువారు చూడవచ్చును.